ఒక సైజు ఎక్కువ

మా బావను ఎగతాళి చేయడం నా హక్కు. మరదలిని కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు. ఆయనా చెప్పడు, ఎందుకంటే ఆయన ఎవరి మాటా వినడు. వినని మనిషిని ఎంత తిట్టినా పాపం అంటదని నా నమ్మకం.

బావ ముప్ఫై నాలుగేళ్లు రోడ్ల శాఖ స్టోరులో పనిచేశాడు. బోల్టులు, గొట్టాలు, రంగు డబ్బాలు, పారలు, తాళ్లు అన్నీ ఆయన చేతి మీదుగానే వచ్చేవి, పోయేవి. ఆ స్టోరులో ఒక పద్ధతి ఉంది. కింది నుంచి ఏది అడిగినా పై ఆఫీసరు అందులో మూడో వంతు కోసేస్తాడు. కోయకపోతే ఆయన పని చేయనట్టు లెక్క. అందుకని ఆరు నిచ్చెనలు కావలసి వస్తే మా బావ తొమ్మిది రాసేవాడు. అంగుళం గొట్టం కావాలంటే అంగుళంన్నర అని రాసేవాడు. పైనాయన కోసేవాడు, చివరికి కావలసినదే వచ్చేది. ఇద్దరూ కలిసి ఈ నాటకాన్ని ముప్ఫై నాలుగేళ్లు ఒక్క రోజు కూడా తప్పకుండా ఆడారు. స్టోరులో ఆయన పేరే ఎక్స్‌ట్రా సారు.

రిటైరయ్యాక పై ఆఫీసరు బెడద పోయింది గానీ పద్ధతి పోలేదు. నేను బట్టలు కుడతాను. మా ఇంటి ముందు గదే నా షాపు, అక్కాబావలు పక్క వీధిలో ఉంటారు. చొక్కా కొలతలివ్వడానికి వచ్చిన ప్రతిసారీ బావ, "ఒక సైజు ఎక్కువ పెట్టమ్మా, ఎలాగూ నువ్వు తగ్గిస్తావు" అంటాడు. నేనెందుకు తగ్గిస్తాను? అడిగినంతా కుట్టి ఇస్తాను. అందుకే ఆయన చొక్కాలో ఇంకొక మనిషి హాయిగా కాపురం ఉండొచ్చు.

మా అక్క ఆయనకు పూర్తిగా వేరు. చిన్న పిల్లల బడిలో టీచరుగా పనిచేసింది. మనిషి బాగా పొట్టి. నల్లబల్ల కింది సగంలోనే రాసేది, పై సగం ఏళ్ల తరబడి కొత్తగా ఉండేది. రోజంతా నిలబడి నిలబడి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఎడమది మరీ దారుణం. గడప దాటాలంటే తలుపు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్క నిమిషం ఆగి దాటేది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిలిం పట్టుకుని చూసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆరు నెలలు చూద్దామమ్మా. రోజూ అరగంట ఛాతీలోతు నీళ్లలో నడవండి. నీళ్లలో బరువు మోకాలి మీద పడదు, కండ గట్టిపడుతుంది. అప్పటికి నిలబడితే సరే. లేదంటే ఎడమ మోకాలు మార్చడం తప్పదు."

అక్కకు ఆపరేషన్ అంటే ప్రాణం మీదికి వచ్చినంత భయం. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని, "కోయించుకోనే, నడుస్తాను. ఎంత నడవమంటే అంత నడుస్తాను" అంది.

రెండు బస్టాపుల అవతల అందరూ వాడుకునే పూల్ ఉంది. రోజూ పొద్దున్నే నేను తీసుకెళ్తానన్నాను. బావ నన్ను చూసిన చూపు, స్టోరులో తుప్పు పట్టిన బోల్టును చూసే చూపు.

"అక్కడ ఏ పంపు ఉందో, ఏ ఫిల్టరు ఉందో నీకు తెలుసా? మన పెరట్లోనే కట్టిస్తాను."

"ఎవరికిస్తావు బావా పని?"

"ఎవరికో ఎందుకు? కాంట్రాక్టరుకిస్తే కళ్లకు గంతలు కడతాడు. తవ్వేవాణ్ణి నేనే పిలుస్తాను, తాపీమేస్త్రిని నేనే పిలుస్తాను, సామాను నేనే కొంటాను. ముప్ఫై నాలుగేళ్లు నేను చేసిందేమిటి?"

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అక్క ఏమీ అనలేదు. మా అక్క ఏమీ అనకపోవడమే ఆయనకు పై ఆఫీసరు సంతకం.

మొదటి పని ఒక లావుపాటి పుస్తకం కొనడం. అందులో గీతలు గీసి గళ్లు వేశాడు. పంపులకు పదకొండు పేజీలు, ఫిల్టర్లకు తొమ్మిది. ఇసుకతో వడకట్టేది మంచిదా, కాగితపు మడతలతో వడకట్టేది మంచిదా అని ఒక నెలంతా తనతో తానే వాదించుకుని తానే ఓడిపోయాడు. నీళ్లు వెచ్చబెట్టే యంత్రాలు, నీళ్లలో మందు ఎంతుందో చూసే సీసాలు, అడుగును ఊడ్చే బ్రష్షులు, పైన కప్పే పట్టా, ఏదీ వదల్లేదు. గొయ్యి ఇంకా తవ్వనే లేదు, రంగులు మారే దీపాలు మాత్రం ఇంటికొచ్చాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ దీపాలను ముందుగదిలో టేబుల్ మీద పెట్టి వెలిగించి, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. అక్క కుర్చీలో కూర్చుని మోకాళ్ల మీద వేడి సంచీ పెట్టుకుని ఆ రంగులు చూసేది.

రెండు నెలలు అలా గడిచిపోయాయి. గుర్తుంచుకోండి, డాక్టరు ఇచ్చింది ఆరు.

పంపుల షాపాయన నెమ్మదస్తుడు. ఒకరోజు బావ వెంట నేను కూడా వెళ్లాను. "సార్, ఇరవై అడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు అంటున్నారు. దీనికి చిన్న పంపు చాలు" అన్నాడాయన.

"దీనికన్నా ఒక సైజు ఎక్కువ ఇవ్వండి."

"ఎక్కువైతే నీళ్లు మరీ జోరుగా తోస్తుంది సార్. ఫిల్టరు తట్టుకోదు, అందులోని ఇసుక పూల్లోకి వచ్చేస్తుంది."

బావ నా వైపు తిరిగి కన్ను గీటాడు. అమ్మేవాడు బేరం కోసం తగ్గించి చెబుతున్నాడట! ఎక్కువ సరుకు అమ్ముడైతే ఎవరికి చేదు? ఆ మాటే అన్నాను. "నీకు తెలీదులే, ఇదంతా ఒక పద్ధతి" అన్నాడు. షాపాయన నిట్టూర్చి, అడిగింది అడిగినట్టే బండికెత్తించాడు. అసలు చిక్కంతా అక్కడే. ఈ లోకంలో మా బావ అడిగినది కోసి ఇచ్చే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన కూడా రిటైరయిపోయాడు.

మూడో నెలలో తవ్వే యంత్రం వచ్చింది. దాని మేస్త్రి కిందికి దిగి, "లోతెంత సార్?" అన్నాడు.

బావ పుస్తకం తెరిచాడు. ఆయన లెక్క తర్వాత నేను చదివాను, అందుకే చెప్పగలుగుతున్నాను. కావలసింది నాలుగడుగులు. నాలుగంటే వీళ్లు మూడు తవ్వుతారు కాబట్టి ఐదు. నేల మీద కాంక్రీటు వేస్తారు కాబట్టి ఇంకో అర. ఎందుకైనా మంచిదని మరో అర.

"ఆరు" అన్నాడు.

"ఇంట్లో ఎవరైనా డైవింగ్ కొడతారా సార్?" అన్నాడు మేస్త్రి.

"చెప్పింది చెయ్యవయ్యా!"

చేశాడు. నిక్కచ్చిగా ఆరడుగులు, ఒక్క అంగుళం తక్కువైతే ఒట్టు. నేను గట్టు మీద నిలబడి తొంగిచూసి, "బావా, నుయ్యి తవ్విస్తున్నావా? గిలక కూడా కొన్నావా?" అన్నాను. పనివాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వుకుంటూ షాపుకెళ్లి పనిలో పడ్డాను. ఆ వారమే అక్కకు నీళ్లలో వేసుకునే డ్రెస్సు కుట్టాను. కొలతలు తీసి నా పుస్తకంలో రాసుకున్నాను కూడా. భుజం నుంచి మడమ దాకా నలభై ఎనిమిది అంగుళాలు.

ఐదో నెల చివర పూల్ తయారైంది. అది చూడముచ్చటగా లేదని నేననను. నీలం పలకలు, మెట్లు, మెట్ల పక్కన మెరిసే స్టీలు కడ్డీ. ఉదయం పదిగంటలకు, ఎండ కాస్తుండగా, బావ ఆ దీపాలు కూడా వెలిగించాడు. పంపు స్విచ్ వేస్తే పెరడంతా అదిరింది. షాపాయన చెప్పినట్టే, నీళ్లు వదిలే రంధ్రం ముందు సన్నటి ఇసుక పొగలా లేచింది. "కొత్తలో అలాగే ఉంటుంది" అన్నాడు బావ.

అక్క కొత్త డ్రెస్సులో వచ్చింది. ముఖంలో ఎంత ఆశ! పెళ్లికి కూడా అంత ఆశగా నడిచి వెళ్లలేదు మా అక్క. కడ్డీ పట్టుకుని ఒకటో మెట్టు దిగింది. రెండు, మూడు. "మోకాలు తేలికైపోయిందే!" అని నా వైపు చూసి నవ్వింది. నాలుగో మెట్టు మీద నీళ్లు నడుము దాటాయి. ఐదో మెట్టుకు ఛాతీ దాటాయి. అక్కడ ఆగింది. కాలు చాపి ఆరో మెట్టు తడిమింది, గడ్డం తడిసింది. గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది.

ఇంకా కింద ఒక మెట్టు, ఆ తర్వాత నేల. నేల మీద ఐదడుగుల నీళ్లు. మా అక్క నాలుగడుగుల పది. ఆ నీళ్లు మా అక్క కన్నా రెండు అంగుళాలు పొడుగు.

"దిగు, దిగు" అంటున్నాడు బావ గట్టు మీది నుంచి.

"ఎక్కడికి దిగనండీ? మునిగిపోతాను."

నాకు నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వాను. ఐదు నెలల నుంచి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. "చూశావా బావా, అక్కను కూడా ఒక సైజు ఎక్కువ చూసి తెచ్చుకోవాల్సింది!" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన ఎర్రబడి పుస్తకం పేజీలు తిప్పుతున్నాడు, అందులో ఎక్కడో జవాబు దొరుకుతుందన్నట్టు.

అక్క ఆ ఐదో మెట్టు మీదే నిలబడి నన్ను చూసింది. నవ్వలేదు. "నువ్వెందుకు చెప్పలేదే? టేపు నీ మెడలోనే ఉందిగా" అంది.

నా చెయ్యి మెడ మీదికి వెళ్లింది. ఉంది.

ఆరడుగుల గొయ్యి చూశాను. నలభై ఎనిమిది అంగుళాల అక్కను కొలిచాను. రెండూ ఒకే వారం. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి అర నిమిషం పట్టదు. నాకు మాత్రం జోకు తట్టింది, లెక్క తట్టలేదు. బావ మూర్ఖుడే, అందులో అనుమానం లేదు. మరి నేనెవరిని?

నీళ్లు తగ్గిద్దామని బావ ఒక అడుగు తోడించాడు. పంపు నీళ్లు లాగే నోరు గోడ పై అంచునే పెట్టించాడు, పంపులోకి నీళ్లు వెళ్లడానికి అదొక్కటే దారి. నీళ్లు దాని కిందికి దిగగానే అంత గొప్ప పంపూ గాలి మింగి, పెద్దగా అరిచి, ఆగిపోయింది. షాపాయన వచ్చి చూసి, "ఇది నిండుగా ఉంటేనే తిరుగుతుంది సార్" అని తలవంచుకుని వెళ్లిపోయాడు. అడుగున కాంక్రీటు పోసి నేల పైకి లేపడం తప్ప దారి లేదన్నాడు తాపీమేస్త్రి. ఆయనకు వేరే చోట పని ఉంది, ఆరు వారాలు ఆగాలి.

ఆ ఆరు వారాల్లో డాక్టరు ఇచ్చిన గడువు అయిపోయింది. కొత్త ఫిలిం తీసి, ఎడమ మోకాలికి ఇక నీళ్లతో పనిలేదన్నాడు. కుడిదానికి మాత్రం ఇంకా ఆశ ఉంది, ఆపరేషన్ అయ్యాక నడక ఎలాగూ నీళ్లలోనే మొదలుపెట్టాలి అన్నాడు. అక్క సరేనని తల ఊపింది. కోయించుకోనని నాతో అన్న మాట ఆమె మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందు తాపీమేస్త్రి వచ్చాడు. నీళ్లు తోడేసిన పూల్లోకి అక్క నా భుజం పట్టుకుని మెట్టుకొక నిమిషం ఆగుతూ దిగింది. అడుగున గోడకు ఆనుకుని నిటారుగా నిలబడింది. నేను టేపు తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పట్టుకున్నాను. మడమ దగ్గర నుంచి ఛాతీ దాకా కొలిచాను.

"మూడడుగుల ఆరంగుళాలు" అన్నాను. మేస్త్రి లెక్క చూసుకుని గోడ అడుగున సుద్దతో గీత గీశాడు. నిండా ఉండే నీళ్లు మూడున్నర అడుగుల లోతే ఉండేలా, ఆ గీత దాకా అడుగున్నర కాంక్రీటు పోస్తానన్నాడు.

గట్టు మీద బావ పుస్తకం తెరిచి, అడుగున్నరను రెండడుగులు చేసి రాసుకున్నాడు. పెన్సిలు ఆగింది. వంగి, మేస్త్రికి మాత్రమే వినిపించాలని, "ఎందుకైనా మంచిది, ఇంకో అర అడుగు ఎక్కువే పోయవయ్యా" అన్నాడు.

ఖాళీ గోతిలో మాట దాగదు. అక్క తలెత్తి చూసింది.

"ఏమండీ, మీ స్టోరులో అన్నిటికీ స్పేరు ఉండేది. నాకు ఇంకొక్క మోకాలే మిగిలింది. గీత దగ్గరే ఆపమనండి."

ఆయన రబ్బరు తీసి చెరిపి, మూడడుగుల ఆరంగుళాలు అని రాసి, పక్కన నాలుగడుగుల పది అని అక్క ఎత్తు కూడా రాసుకున్నాడు. పంపులకు పదకొండు పేజీలున్న ఆ పుస్తకంలో అది మొదటిసారి ఎక్కింది. నా పుస్తకంలో ముప్ఫై ఏళ్లుగా ఉంది.