ఎవరి ముచ్చట వాళ్ళదే

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని పోట్లాడుకునేవారు. ప్రతి శుక్రవారం సాయంత్రం చుట్టుపక్కలవాళ్ళు వచ్చాక మా ముందు గదిలో కుటుంబ ప్రార్థన జరిగేది. చాపలు పరిచి, పాట పాడి, వాక్యం చదువుకున్నాక ఒక్కొక్కరే ప్రార్థన చేసేవారు. మా నానమ్మ వంతు రాగానే, "ప్రభువా, గర్వం తలకెక్కినోళ్ళు కొందరున్నరు, ఆళ్ళ తల జర కిందికి దించు" అనేది. ఆ వెంటనే పక్కింటి టీచరమ్మ అందుకుని, ఇరుగుపొరుగును ఏడిపించేవాళ్ళ రాతిగుండెలను కరిగించమని చక్కని భాషలో, ఏమాత్రం తొందరపడకుండా దేవుణ్ణి వేడుకునేది. నేను ఒంటికన్ను తెరిచి ఇద్దరి ముఖాలూ చూసేదాన్ని. అక్కడ భక్తి ఏమీ కనిపించేది కాదు. మూలన మంచం మీద పడుకున్న మా తాతయ్య మాత్రం ఇద్దరి ప్రార్థనకూ ఆమెన్ అనేవాడు.

మేముండేది తార్నాకలో, యూనివర్సిటీకి వెళ్ళే దారిలో. ఒకే కాంపౌండులో రెండు వాటాలు, ముందు వాకిట్లో ఒక బావి. ఒక వాటాలో నానమ్మ, తాతయ్య, అమ్మానాన్నలు, నేను, మా చెల్లెలు; మరో వాటాలో టీచరమ్మ వాళ్ళు. మా నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. మాది మెదక్ వైపు పల్లె, వాళ్ళది కృష్ణ ఒడ్డున ఏదో ఊరు. మా తాతయ్య పల్లె పల్లెకూ కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. ఆయాసం ఎక్కువై ఇక తిరగలేక కొడుకు దగ్గరికి వచ్చి మంచాన పడ్డాడు. ఆయన మంచం ముందు గదిలోనే ఉండేది కాబట్టి ఇంట్లో ఏం జరిగినా ఆయన కళ్ళముందే జరిగేది.

టీచరమ్మంటే నాకు అసలు పడేది కాదు. ఆదివారం బడిలో మాకు పాఠం చెప్పేది ఆమే. నమ్మినవాళ్ళు చనిపోయాక క్రీస్తు ముందు నిలబడతారని, బతికిన బతుక్కి లెక్క అప్పగిస్తారని, బాగా బతికినవాళ్ళకు కిరీటాలు దొరుకుతాయని చెప్పేది. ఆ కిరీటాలను రంగురంగుల కాగితం మీద గీసి గోడకు అంటించేది. ఏ కిరీటం ఎవరికి వస్తుందో ఆమెకు ముందే తెలిసినట్టుండేది. ఆమె చెప్పే పరలోకం స్కూల్లో బహుమతులిచ్చే రోజులా అనిపించేది నాకు. ఆ రోజున కూడా ముందు వరుసలో ఆమే కూర్చుంటుందని, మా పల్లె మనుషులంతా వెనక నిలబడి చప్పట్లు కొడతారని ఊహించుకుని ఒళ్ళు మండేది.

అసలు గొడవ ఒక శుక్రవారం మొదలైంది. ఆ రోజు నానమ్మ తనకొచ్చిన భాషలో, మా ఊరి మాటల్లో ప్రార్థన చేస్తోంది. ఎడ్లు, వానలు, ఊళ్ళో ఉన్న చుట్టాలు, అన్నీ వరసగా దేవుడికి ఒప్పజెబుతోంది. మధ్యలో టీచరమ్మ ఫక్కున నవ్వింది. ఆమె నవ్వితే మిగతావాళ్ళూ నవ్వారు. నానమ్మ ఆమెన్ అనకుండానే ఆపేసింది. తర్వాత టీచరమ్మ, దేవుడి దగ్గరైనా కాస్త శుద్ధంగా మాట్లాడాలి కదండీ అని ఎవరితోనో అన్నదట. ఆ మాట మా ఇంటికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

అది అరవైతొమ్మిది. మా రాష్ట్రం మాకు కావాలని యూనివర్సిటీ పిల్లలు సమ్మె మొదలుపెట్టారు. బళ్ళు మూసేశారు. రోడ్డు మీద ఊరేగింపులు, నినాదాలు. మా ఉద్యోగాలన్నీ బయటివాళ్ళు పట్టుకుపోతున్నారని నాన్న ఇంటికొచ్చి అనేవాడు. అంతవరకూ పక్కింటివాళ్ళుగా ఉన్నవాళ్ళు ఒక్కసారిగా బయటివాళ్ళైపోయారు. నానమ్మ కోపానికి ఇప్పుడు బజారంతా తోడొచ్చింది. ఒకరోజు పొద్దున్నే బావి దగ్గర రెండు ఇళ్ళవాళ్ళూ వాడుకునే మా బొక్కెన, చేంతాడు తీసి లోపల గాదె వెనక దాచేసింది. "మా బొక్కెన మాది. మీ ఊరికి పోయి తోడుకోండ్రి" అని టీచరమ్మ ముఖం మీదే అన్నది. అప్పటికి టీచరమ్మ కూతురు పురుడు పోసుకుని పుట్టింట్లోనే ఉంది. నెలల పసిపిల్ల ఉన్న ఆ ఇంటికి ఆ రోజు చుక్క నీళ్ళు లేవు. టీచరమ్మ రెండు బిందెలు పట్టుకుని క్యాంపస్‌లో హాస్టల్ కుళాయి దాకా నడిచి వెళ్ళడం నేను చూశాను. చూసి సంతోషించాను. నేను పూర్తిగా నానమ్మ పక్షం.

ఆ తర్వాత నాన్న చివాట్లు పెట్టి బొక్కెన బయట పెట్టించాడు గానీ మాటలు మాత్రం ఆగిపోయాయి, ఇక పోట్లాటంతా శుక్రవారం ప్రార్థనల్లోనే. ఆ కథ మా ఇంట్లో రోజూ చెప్పుకునేవాళ్ళం. కూరగాయలామె వచ్చినా, మల్కాజ్‌గిరి నుంచి మేనత్త వచ్చినా నానమ్మ మొదటి నుంచి ఎత్తుకునేది. చెప్పిన ప్రతిసారీ కథ కాస్త పెరిగేది. పక్క వాటాలో కూడా అదే కథ ఇంకో రకంగా పెరుగుతూ ఉండేది, గోడ అవతలి నుంచి వినిపిస్తుంది కదా.

ఈలోగా తాతయ్య జబ్బు ముదిరింది. పెద్దాసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, ఎన్ని ఊళ్ళు తిరిగావు, ఎంతమందికి వాక్యం చెప్పావు, నీకు గొప్ప కిరీటం దొరుకుతుంది అని. అలా అన్నప్పుడల్లా తాతయ్య ముఖం చిట్లించేవాడు. ఒకసారి వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచి, "బిడ్డా, రక్షణ ఊకెనే ఇచ్చిండు, దానికి లెక్క లేదు. గని బతికిన బతుకు నిప్పుల పెడతరు. గడ్డి అయితే కాలిపోతది, బంగారమైతే మిగులుతది. నాది ఏం మిగులుతదో నాకే ఎర్క లేదు, గీళ్ళకెట్ల ఎర్క?" అన్నాడు. అంతగా వాక్యం చెప్పిన మనిషి భయపడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి పాస్టరు అయ్యగారు తాతయ్య కోసం ప్రభుభోజనపు రొట్టె, ద్రాక్షరసం తీసుకుని ఇంటికే వచ్చారు. అదే ఆఖరిసారి కావచ్చని అందరికీ తెలుసు. నానమ్మ తెల్ల చీర కట్టుకుంది. టీచరమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఎంత పంతమున్నా తాతయ్యంటే ఆమెకు గౌరవమే, ఆ పసిపిల్లకు దీవెన ప్రార్థన చేసింది ఆయనే. అయ్యగారు రొట్టె చేతికివ్వబోతే తాతయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇయ్యాల ఒద్దు అయ్యగారూ. నా ఇంట్ల సమాధానం లేదు, పగ ఉన్నది."

మీ తప్పేముంది ఉపదేశిగారూ, మీకు ఎవరి మీదా కోపం లేదు కదా అని అయ్యగారు ఎంతో నచ్చజెప్పారు. ఆయన వినలేదు. అయ్యగారు పల్లెల్లో ఆరాధనలకు వెళ్ళాలి, మళ్ళీ ఆదివారానికి గానీ తిరిగి రారు. అంతవరకూ తాతయ్య ఉంటాడో ఉండడో. నానమ్మ ఏడుస్తూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇదంతా గామె వల్లనే అని అక్కడ కూడా అంటూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం తాతయ్య ఇద్దరినీ పిలిపించాడు. బయట రోడ్డు మీద ఊరేగింపు పోతోంది, కిటికీ మూసినా అరుపులు వినిపిస్తున్నాయి. నానమ్మ మంచానికి ఈ పక్క, టీచరమ్మ ఆ పక్క కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తాతయ్య ఒక్క షరతు పెట్టాడు. జరిగిందంతా చెప్పండి, కానీ ఎవరి ముచ్చట వాళ్ళే చెప్పాలి, పక్కామె పేరు రాకూడదు. "గాడ ప్రభువు ముందట నిలవడ్డనాడు పక్కింటామె ముచ్చట అడుగరు. నిన్ను నీ గురించే అడుగుతరు" అన్నాడు.

ఇదేం పెద్ద పని అనుకున్నాను నేను. నానమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది, "ఈమె ఆనాడు నవ్వంగనే..."

తాతయ్య చెయ్యెత్తాడు. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఊళ్ళో నన్నెవ్వరూ గంత మాట అనలే అన్నది. మళ్ళీ చెయ్యి లేచింది. ఆమె అట్ల చెయ్యకపోతే నేనెందుకు ఇట్ల చేద్దును అన్నది. మళ్ళీ లేచింది. "మరి నన్నేం చెప్పమంటవ్?" అని నానమ్మ విసురుగా లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు దడదడా పడేసింది.

టీచరమ్మ వంతు వచ్చింది. ఆమె ఎంతైనా చదువుకున్న మనిషి. కళ్ళు దించుకుని, "నా వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించమని కోరుతున్నానండీ" అంది. బాగానే ఉంది అనుకున్నాను. తాతయ్య చెయ్యెత్తాడు. ఎవరన్నా అని కాదు, ఏం చేసినవో చెప్పు బిడ్డా అన్నాడు. ఆమె ముఖం కందిపోయింది. "అయితే పసిపిల్లకు నీళ్ళు లేకుండా చేసినవాళ్ళ సంగతి ఎవరడుగుతారండీ? మా ఊరికి పొమ్మన్నవాళ్ళ సంగతి?" అని ఆమె కూడా లేచింది. లేచిందే గానీ తాతయ్య దగ్గు చూసి వెళ్ళలేక అక్కడే నిలబడిపోయింది. దగ్గు విని నానమ్మ కూడా మంచినీళ్ళు పట్టుకుని వచ్చింది.

నీళ్ళు తాగి, ఊపిరి కూడదీసుకుని, తాతయ్య తన ముచ్చట చెప్పాడు.

"ప్రతి సుక్రారం ఇద్దరి ప్రార్థన విన్న. అది ప్రార్థన కాదని నాకెర్కే. అయినా ఇద్దరికీ ఆమెన్ అన్న. మంచాన పడ్డోన్ని, నాకెందుకని ఊకున్న. నేను చేసింది గింతే."

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తాతయ్య ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు ఆ ఇద్దరు ఆడవాళ్ళ మీదా, మొదటిసారి నానమ్మ మీద కూడా, పట్టరాని కోపం వచ్చింది.

నానమ్మ ఖాళీ గ్లాసు కింద పెట్టి, నేల చూస్తూ అన్నది, "బొక్కెన దాచిన. పసిపిల్ల ఉన్నదని తెల్సే దాచిన."

ఇంకా ఏదో అనబోయి పళ్ళు బిగబట్టుకుంది. తాతయ్య చెయ్యెత్తలేదు.

"మీరు ప్రార్థన చేస్తుంటే నవ్వాను. పక్కవాళ్ళు వినాలనే నవ్వాను," అంది టీచరమ్మ.

అంతే. అయిపోయింది. నేను ఇంకా ఉంటుందని చూస్తున్నాను. రోజుల తరబడి చెప్పుకున్న కథ, మేనత్త ముక్కు మీద వేలేసుకుని విన్న కథ, ఎవరి సగం వాళ్ళు చెప్పేసరికి గుక్కెడు మాటలకు దిగిపోయింది. ఇంతేనా అనిపించి నాకు మోసపోయినట్టుగా ఉంది. నానమ్మ గెలుస్తుందని ఎదురుచూస్తున్నదాన్ని మరి.

ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని చెబితే అబద్ధమవుతుంది. టీచరమ్మ చీర కొంగు సర్దుకుని తన వాటాలోకి వెళ్ళిపోయింది. నానమ్మ పొయ్యి ముట్టించుకుంది. క్షమించినవా అని తాతయ్య ఎవరినీ అడగలేదు.

ఆదివారం దాకా ఆయన ఉన్నాడు. అయ్యగారు వచ్చి రొట్టె ఇస్తే రెండు చేతులా పట్టుకుని తీసుకున్నాడు. నానమ్మ తీసుకుంది. టీచరమ్మ దగ్గరికి రాగానే ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇవాళ వద్దండీ. నాకింకా కోపం పోలేదు," అంది. ఏ నెలా తప్పకుండా అందరికంటే ముందు వెళ్ళి తీసుకునే మనిషి. అయ్యగారు రొట్టె పళ్ళెం వెనక్కి తీసుకున్నారు. నానమ్మ మాత్రం నా చెవిలో, "గీ ఒక్క పని మంచిగ చేసింది" అని గొణిగింది. ఆ రోజు నాకు టీచరమ్మ మొదటిసారి నచ్చింది.

తాతయ్య ఆ వారంలోనే పోయాడు. సమాధి దగ్గర అందరూ లేచి సాక్ష్యాలు చెప్పారు, మళ్ళీ కిరీటాల గురించే. ఆయన ఏ పనికి బహుమానం పొందుతాడో నాకు తెలియదు. ఊళ్ళు తిరిగినందుకు కాకుండా, ఆ మధ్యాహ్నం ఊపిరాడని ఛాతీతో ఆ ఇద్దరినీ కూర్చోబెట్టినందుకేమో అని అనుకుంటూ ఉంటాను. ఆ తర్వాత నానమ్మా టీచరమ్మా పోట్లాడుకోలేదా అంటే పోట్లాడుకున్నారు. కాకపోతే బావి దగ్గర కళ్ళు తెరుచుకునే పోట్లాడుకున్నారు. శుక్రవారం ప్రార్థనలో మాత్రం ఎవరి పాపం వాళ్ళే ఒప్పుకునేవారు. ప్రార్థనలు చాలా పొట్టివైపోయాయి.

ఇప్పుడు నేను తాతయ్య వయసుకు దగ్గరపడ్డాను. పరలోకం గురించి ఎవరెంత గొప్పగా చెప్పినా నాకు మనసులో మెదిలేది ఆయన ఎత్తిన చెయ్యే. నాకూ మా చెల్లెలికీ మాటల్లేక ఏళ్ళు గడిచాయి. అమ్మ జబ్బుగా ఉన్నప్పుడు ఎవరు చేశారు, ఎవరు చెయ్యలేదు అన్న గొడవ అది. నా కథ చాలా పెద్దది, విన్నవాళ్ళందరూ న్యాయం నాదేనంటారు. చెల్లెలు ఉండేది నల్లకుంటలోనే, ఒక్క బస్సు దూరం. రోజూ పొద్దున ప్రార్థనకు కూర్చుని తాతయ్య చెప్పినట్టు నా సగం మాత్రమే చెప్పబోతాను. "ప్రభువా, అమ్మకు బాగాలేనప్పుడు నేను..." అంటాను. అక్కడిదాకా బాగానే వస్తుంది. ఆ వెనకే చెల్లెలి పేరు వచ్చేస్తుంది. ఆపి, మళ్ళీ మొదలుపెడతాను.