పావురాలవాడి మాట చెల్లదట

దక్షిణ టెహరాన్‌లో నన్ను మించిన పావురాలవాడు లేడు. ఎనిమిదో తరగతిలోనే బడికి సలాం కొట్టి మిద్దె ఎక్కినవాణ్ణి. నా పోతుపావురం ఒకటి నాలుగొందల కిలోమీటర్ల అవతలి ఇస్ఫహాన్ నుంచి గంటలో తిరిగొచ్చింది, దారిలో ఆగి నీళ్లు కూడా తాగింది. నమ్మకపోతే మీ ఖర్మ. అలాంటి నాకూ ఒక గురువున్నాడు. యదుల్లా ఆగా.

డెబ్బై ఏళ్ల మనిషి. దూదేకి పరుపులు కుట్టి బతికాడు. పావురాలవాళ్లలో అబద్ధం చేతకానివాడు ఆయనొక్కడే. పరాయి పావురం మన గుంపులో కలిసి దిగితే అది మనదే అని మా లెక్క. ఆయన మాత్రం దాన్ని చంకన పెట్టుకుని సొంతదారు ఇల్లు వెతుక్కుంటూ పోయేవాడు. మాకు తలవంపులుగా ఉండేది.

ఇజ్రాయెల్‌తో యుద్ధం మొదలై క్షిపణులు పడుతున్న నాలుగో రోజుకి వీధిలో సగంమంది ఉత్తరానికి పోయారు. ఆయన పోలేదు. నలభై రెండు పావురాలకు గింజలెవరు వేస్తారు? ఆ పొద్దున పక్క పేటలో పేలుడుకి గాల్లో ఉన్న పదిహేడు పావురాలు చెదిరిపోయాయి. గుంపును చూస్తే అవి వచ్చి కలుస్తాయని, గూట్లో ఉన్నవాటిని వదిలి, పొడుగాటి కర్రకు నల్లగుడ్డ కట్టి ఊపుతూ ఈల వేశాడు. ఎవరో చూసి, ముసలాడు ఇజ్రాయెల్ విమానాలకు సైగ చేస్తున్నాడని చెప్పేశారు. మధ్యాహ్నానికి ఠాణాలో కూర్చోబెట్టారు. గూఢచారి అని రాస్తే ఇక మెడకు ఉరితాడే.

సాక్ష్యం చెప్పడానికి నేను వెళ్లాను. ఏం పని చేస్తావని అధికారి అడిగాడు. పావురాలు పెంచుతానన్నాను. కలం కింద పెట్టేశాడు.

"పావురాలవాడి సాక్ష్యం చెల్లదని మీ తాత చెప్పలేదా?"

చెప్పాడు. ఒక్కో పావురానికి పది ఒట్లు వేస్తామని తాతల నాటి నుంచి మాకు పేరుంది. ఒప్పుకుంటాను, నేను కోతలరాయుణ్ణే. జన్మకొక్కసారి నిజం పట్టుకొస్తే కొనేవాడు లేడు. మరి సైనిక స్థావరాలనే కొట్టామని ఇజ్రాయెల్ వాళ్లు అన్నారు. మా పక్క సందులో కూలింది వంటిల్లు. శత్రువును మట్టి కరిపించామని మావాళ్లు టీవీలో అన్నారు. అక్కడా కూలినవి ఎవరివో వంటిళ్లే అయ్యుంటాయి. నా పావురం తాగిన నీళ్లకంటే పెద్ద కోతలివి. వాళ్ల మాట చెల్లుతుంది. మిద్దె మీద పావురాలు లేవు కాబట్టి కాబోలు!

చెల్లే నోరు వీధిలో ఒక్కటే మిగిలింది. పక్కింటి తూబా ఖానుం. ఆరేసిన బట్టల మీద రెట్టలు పడుతున్నాయని ఇరవై రెండేళ్లుగా యదుల్లా ఆగాతో పోట్లాడుతున్న మనిషి. విషయం చెబితే, ముసలాడి పీడ విరగడయిందనుకున్నానే అంటూ చాదర్ కప్పుకుని బయల్దేరింది.

"సర్కార్, వీడి తప్పు పట్టుకోవాలని ఇరవై రెండేళ్లు కాపలా కాశాను" అంది. "రోజూ పొద్దునా సాయంత్రం అదే గుడ్డ. అది ఇజ్రాయెల్‌కి సైగే అయితే వాళ్లు ఎప్పుడో రావాలి కదా. అంత బద్ధకస్తులా?"

అధికారి నవ్వాపుకుని రాసుకున్నాడు. వదిలేస్తాను గానీ, యుద్ధం అయ్యేదాకా యదుల్లా అనే నేను పావురాలు ఎగరేయనని సంతకం పెట్టమన్నాడు. ఆకాశంలో ఎవడి ఇనుము వాడు ఎగరేసుకోవచ్చు, రెక్కలున్నవి మాత్రం ఎగరకూడదు!

ఆయన కలం పట్టుకుని ఆగిపోయాడు. "పదిహేడు ఇంకా రాలేదు సర్కార్. గుంపు లేవకపోతే వాటికి ఇల్లు తెలీదు. రేపు లేపుతాను. ఇవాళ సంతకం పెడితే అబద్ధమవుతుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉరితాడు ముందు కూడా నిజమేనా!

తూబా ఖానుం ఆయన చెవి దగ్గరకు వంగింది. "పెట్టవయ్యా మహానుభావా. కాగితంలో నీ పేరుంది, నా పేరు లేదు."

మర్నాడు పొద్దున ఆవిడే ఆయన మిద్దెక్కి గూడు తెరిచింది. ఈల రాక, రెండు దేశాలనూ పేరుపేరునా తిడుతూ కర్ర ఊపింది. ఆయన కింద నిలబడి లెక్కపెట్టాడు. మధ్యాహ్నానికి తొమ్మిది వచ్చాయి. మిగతా ఎనిమిదింటి కోసం ఆవిడ ఇప్పటికీ తిడుతూనే ఉంది.