లెక్కల సారు గిటారు డిస్కులు

మా లెక్కల సారు పోయారని ఆయన తమ్ముడు ఫోన్ చేసి చెప్పినప్పుడు, సారు డిస్క్ ప్లేయరు మా ఇంట్లో బీరువా మీదే ఉంది. రిపేరై ఐదు నెలలైంది. నేనుండే కొత్తగూడెం నుంచి సారు ఊరు చండ్రుగొండ ఎంత దూరమని? పొద్దున పోతే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. నేను పోలేదు. ఈ సంగతి దాచి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయడం నాకు చేతకాదు.

హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన సారుకు గిటారు పిచ్చి. వాయించడం కాదు, వినడం. జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. మామూలు సీడీలు ఆయన చెవికి ఆనవు. నాణ్యంగా రికార్డు చేసిన ప్రత్యేకమైన డిస్కులు హైదరాబాదు నుంచి తెప్పించుకునేవారు. అవి ఆ ప్లేయరులో తప్ప ఊళ్లో మరెక్కడా పలకవు. ఆదివారం టిఫిను కాగానే ఫ్యాను బందు, ఫ్రిజ్జు బందు. మెత్తటి పాత పంచె ముక్కతో డిస్కును నడిమి నుంచి అంచుకు తుడిచేవారు, గుండ్రంగా ఎప్పుడూ తుడవరు. చెమటలు కారుతుంటే సారూ నేనూ అలాగే కూర్చునేవాళ్లం.

“పాట అందరికీ వినపడ్తది. వేలు తీగ మీద జారిన చప్పుడు వినపడ్డదా నీకు?”

“లేదు సార్.”

“అయితే గంత గట్టిగ ఊపిరి తీయకు.”

ఒక జాజ్ డిస్కులో వాయించేవాడు ఒకచోట తప్పుతాడు. వెంటనే అదే స్వరాన్ని కావాలని మళ్లీ కొడతాడు. అక్కడికి రాగానే సారు చిటికె వేసేవారు. “చూసినవా? కొట్టివేత లేదు. రెండోసారి కొట్టి లెక్క సరిజేసిండు.” మా పేపర్లలో కూడా తప్పును చెరపనిచ్చేవారు కాదు, దాని పక్కనే దిద్దించేవారు. నాకు ఓపిక అంటూ ఏదైనా ఉంటే అది ఆ గదిలో నేర్చుకున్నదే.

ప్లేయరు మూగబోతే ఖమ్మంలో బాగు చేయిస్తానని నేనే మోసుకొచ్చాను. ఒకసారి ఆయనే ఫోన్ చేశారు.

“అయింది సార్, వచ్చే ఆదివారం తెస్తా” అన్నాను.

“జల్దీ ఏం లేదురా. వీలైనప్పుడే తే.”

ఆ మాట అప్పుడు ఎంత హాయిగా అనిపించిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. తప్పును రెండోసారి కొట్టి సరిచేసుకునే వీలు గిటారు వాళ్లకు ఉంటుందేమో, నాకు లేదు.

పెద్దకర్మ రోజు ప్లేయరు పట్టుకుని పోయాను. డిస్కుల అర ఖాళీగా ఉంది. ఏమయ్యాయని అడిగితే, సారు తమ్ముడు నన్ను ఇంటి వెనక మొక్కజొన్న చేనికి తీసుకుపోయాడు.

“చిలకలు కంకులు ఉంచుతలేవని నేను మొత్తుకుంటుంటే అన్ననే తెచ్చిండు. ‘మిషను ఇగ రాదు లేరా, ఇవి ఉత్తగ ఎందుకు’ అన్నడు. ఒక్కొక్కటి గుడ్డతోని తుడిచి మరీ కట్టిండు.”

“నడిమి నుంచి అంచుకా?”

“అవ్. మీకెట్ల తెలుసు?”

చేను పొడుగునా పురికొసకు వేలాడుతూ డిస్కులు ఎండలో తిరుగుతున్నాయి. చిలకల గుంపొకటి వచ్చి, ఆ మెరుపుకు బెదిరి, వాలకుండానే అడవి వైపు మళ్లింది. నేను బాగైన ప్లేయరును చంకలో పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాను.