మూత బిగించిన రాగి చెంబు

నోరున్నదానినని నాకు పేరు. కూరగాయల బండివాడి నుంచి ఆఫీసులో మేనేజరు దాకా ఎవరినీ వదిలిపెట్టను. అమ్మ పోయిన మర్నాడు మాత్రం ఆ నోరు పెగల్లేదు.

అమ్మ పుట్టింది బాహూరులో. పెళ్ళయి ఇందిరా నగర్ వచ్చి, మిల్లులో పని చేసి, నలభై ఏళ్ళు ఈ ఊళ్ళోనే బతికింది. సముద్రం ఇంత దగ్గరున్నా ఒక్కనాడూ కాలు తడుపుకోలేదు. ఆస్పత్రిలో నేను తల దువ్వుతుంటే అన్నది: "నన్ను ఆ ఉప్పునీళ్ళలో ఎయ్యబాకండి. మా ఊరి మట్టిలో యాడన్నా కలిపేయండి."

"ఊరికే ఉండుమా. ఇప్పుడేంది ఆ మాటలు?" అని కసిరాను.

దహనం అయ్యాక, అస్థికలకు ఒక కుండ తెచ్చుకోమన్నాడు కాటికాపరి. బజారులో మట్టికుండలు చూశాను. ఒకదాని అంచు విరిగింది, ఇంకొకదానికి నెర్రె. మా అమ్మని వీటిలో పెట్టడమా అని ఒళ్ళు మండింది. పాత్రల కొట్టుకు పోయి మరమూత ఉన్న పెద్ద రాగి చెంబు తీసుకున్నాను. మూతలో రబ్బరు రింగు కూడా ఉంది. నీళ్ళు నింపి తలకిందులు చేసినా చుక్క కారదని కొట్టాయన గొప్పగా చెప్పాడు.

"కుండ తెమ్మంటే ఇదేందమ్మా?" అన్నాడు చిన్నాన్న.

"మా అమ్మకి ఇదే," అన్నాను కరుగ్గా. పనికిమాలినదానికి మాత్రం నోరు బాగానే లేచింది.

మర్నాడు పొద్దున కాటిలో పాలు చల్లి, అస్థికలు ఏరి చెంబులో పోశారు. తమ్ముడు మూత గట్టిగా బిగించాడు. మాలో అస్థికలు ఒకసారి చేతికొచ్చాయంటే కింద పెట్టకూడదు, ఏ ఇంటి గడపా దాటించకూడదు. నీళ్ళలో కలిసేదాకా ఎవరో ఒకరు మోస్తూనే ఉండాలి. ఆడదానివి నువ్వెందుకన్నా వినకుండా నేనే ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. చెంబు ఇంకా వెచ్చగానే ఉంది.

"తొమ్మిదికి రాహుకాలం పట్టేస్తాది. బిన్నా పోనీప్పా," అని చిన్నాన్న డ్రైవరును తొందరపెట్టాడు.

కూడలి వచ్చింది. బాహూరుకు పోయే బస్సు ఒకటి మా పక్కనే ఆగి ఉంది. అమ్మ మాట ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. కర్మ చేసేవాడు తమ్ముడు. కూతురు అడ్డం పడిందంటారని భయం. పైగా, నిజం చెప్పాలంటే, ఈ పని తొందరగా అయిపోతే బాగుండునని కూడా ఉంది. తమ్ముడు డ్రైవరు పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆటో సముద్రం వైపు మళ్ళింది.

పడవలు లాగిపెట్టే ఇసుకలో దిగాం. తమ్ముడు నా చేతుల్లోంచి చెంబు తీసుకున్నాడు. మోకాటిలోతు నీళ్ళలోకి పోయి, ఒడ్డువైపు తిరిగి నిలబడి, భుజం మీదుగా వెనక్కి విసిరాడు.

"ఎవురూ తిరిగి చూడబాకండి. రండి, రండి," అని చిన్నాన్న ముందు నడిచాడు.

నాలుగడుగులు వేశాను. ఇక నా వల్ల కాలేదు. తిరిగి చూశాను.

చెంబు మునగలేదు. మట్టికుండయితే నీళ్ళు నిండి మునిగిపోయేది. నేను ఏరి కోరి కొన్నది కనుక తేలుతోంది. అల దాన్ని ఒడ్డుకు తోసేది, మళ్ళీ లాక్కుపోయేది. జీవితమంతా ఆ నీళ్ళంటే భయపడిన మనిషిని అది ఇటూ అటూ ఆడిస్తోంది. చీరతోనే నీళ్ళలోకి పరిగెత్తాను.

"తీసుకోబాకమ్మా! అరిష్టం!" అని వెనకనుంచి చిన్నాన్న అరిచాడు.

రెండుసార్లు చేతికి అందినట్టే అంది జారిపోయింది. మూడోసారి పట్టుకుని గుండెకు అదుముకున్నాను. ఒడ్డుకొచ్చేసరికి ఏడుపు ఆగలేదు.

"అమ్మ సముద్రం వద్దనింది. బాహూరు మట్టిలో కలపమనింది. నాతో చెప్పింది, నేనే చెప్పకుండా ఉండిపోయినా."

"మరి ఇంతసేపూ ఏం చేస్తా ఉంటివి?" అన్నాడు చిన్నాన్న.

తమ్ముడు తడి పంచెతోనే ఇసుకలో కూలబడ్డాడు. నా మొహం చూడలేదు.

"నాకూ చెప్పింది అక్కా," అన్నాడు.

రాహుకాలంలోనే బాహూరు పోయాం. మేనమామ పొలంలో, గట్టు పక్కన తడి మట్టిలో, అమ్మను ఇద్దరం చేతులతో కలిపాం. ఆ సంగతి ఇవాళ్టికీ ఎత్తం. వాడు తెలిసే విసిరాడు. నేను తెలిసే చూస్తూ నిలబడ్డాను. ఆ చెంబు మునిగి ఉంటే ఇద్దరమూ ఇంటికి పోయి, స్నానాలు చేసి, భోజనానికి కూర్చునేవాళ్ళం.