బ్యాటర్ వదిలేసిన బంతులు

కాలేజీలో క్రికెట్ ఆడే రోజుల్లో నాతో జోడీగా బ్యాటింగుకు దిగడానికి అందరూ జంకేవారు. పిలవకుండానే పరుగుకు బయలుదేరేవాణ్ణి. అవతలివాడు రనౌటయ్యేవాడు. అమెరికా వచ్చాక బేస్‌బాల్‌లో 'స్టీల్', అంటే బేస్ దొంగతనం చూసి, ఈ ఆట నా కోసమే పుట్టిందనుకున్నాను. పిచర్ బంతి వేసేలోపే ఫస్ట్ బేస్ మీదున్నవాడు సెకండ్ బేస్‌కి దౌడు తీస్తాడు. మధ్యలో దొరికితే అవుట్. ఎవరినీ పిలవనక్కర్లేదు.

ఎనభైల మొదట్లో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. పొద్దున్నే పేపర్ రాగానే నా అభిమాన ఆటగాడు నిన్న పరిగెత్తాడా లేదా అని చూసుకునేవాణ్ణి. అతనికంటే పెద్ద పేరున్న దొంగలు అప్పట్లో చాలామంది ఉండేవారు. వాళ్ళు కొట్టేసిన బేస్‌లు ఎక్కువే, దొరికిపోయిన సందర్భాలూ ఎక్కువే. మావాడు తక్కువసార్లు పరిగెత్తేవాడు. దొరకడం మాత్రం అరుదు.

ఒక శనివారం పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే వరంగల్ కుర్రవాడు, మా ఆఫీసువాడే, భోజనానికి వచ్చాడు. టీవీలో ఆట నడుస్తోంది.

"మీవోడు భయస్తుడన్నా. మావోడు చూడు, దొరికితే దొరికిండు, మళ్ల ఉరుకుతడు."

"ఎన్ని కొట్టాడని కాదు తమ్ముడూ, ఎన్నిసార్లు ట్రై చేస్తే ఎన్ని కొట్టాడో చూడాలి. పర్సంటేజీలో మీవాడు మావాడి దరిదాపుల్లో లేడు."

"పర్సంటేజీలు కలుపుకొని అన్నం తింటవా ఏంది?"

అక్కడితో నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. ఆ ఊపులో నోరు జారాను.

"నా సంగతే చూడు. రెండు ఊళ్ళు మారాను, మారిన ప్రతిసారీ పెద్ద ఉద్యోగమే. ఒక్కసారీ దొరకలేదు. ఇప్పుడు దేశానికి ఆ చివర చాండ్లర్‌లో ఇంకోటి యాక్సెప్ట్ చేశాను. వచ్చే నెల జాయినింగ్."

చారు గిన్నెతో వస్తున్న నా భార్య వంటింటి గుమ్మంలోనే ఆగింది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమె ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. అంతకుముందు రెండు ఊళ్ళలో ఇదే కోర్సు మొదలుపెట్టి, నేను ఉద్యోగం మారినందువల్ల మధ్యలో వదిలేసింది. ఈసారి హాస్పిటల్ ట్రైనింగ్ ఒక్క టర్మ్ మిగిలింది.

గిన్నె బల్ల మీద పెట్టి టీవీ వైపు చూస్తూ నిలబడింది. సరిగ్గా అప్పుడే మావాడు సెకండ్ బేస్ కొట్టేశాడు.

"ఏమండీ, ఆ బ్యాట్ పట్టుకున్నాయన అంత మంచి బాల్ ఎందుకు వదిలేశాడు?"

"మనవాడు పరిగెడుతున్నాడు కదా. వాడికి అడ్డం రాకుండా వదిలేస్తారు."

"అయితే ఆయన మీద స్ట్రైక్ పడిందిగా."

"పడుతుంది. అలా మూడు పడితే అవుట్."

"మీ పర్సంటేజీలో అది కూడా కలుపుతారా?"

కలపరు. చారు గిన్నె నా వైపుకు లాక్కున్నాను. కుర్రవాడు గబగబా చెయ్యి కడుక్కున్నాడు. "నేను పోయొస్త వదినా, లాండ్రీ మెషీన్‌ల బట్టలేసొచ్చిన" అంటూ వెళ్ళిపోయాడు.

నేనూ ఇంట్లో ఉండలేకపోయాను. కార్ తీసి ఎక్కడికని లేకుండా తిరిగాను. షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో ఆపి కాసేపు కూర్చున్నాను, మళ్ళీ స్టార్ట్ చేశాను. ఎవరి కోసం మారుతున్నాను, తన కోసం కాదా అని నాలో నేనే వాదించుకున్నాను. ఆ వాదన ప్రతి సిగ్నల్ దగ్గరా నీరుగారిపోయేది. నిజం చెప్పాలంటే ఏ ఊళ్ళోనైనా దారులు అలవాటవగానే నాకు కాళ్ళు నిలవవు. జీతం, హోదా అన్నవి అందరికీ చెప్పే కారణాలు. ఆమె చదువు గుర్తులేక కాదు. అడిగితే వద్దంటుందేమోనని ముందే సంతకం పెట్టాను.

సోమవారం ఆఫీసు నుంచి చాండ్లర్ మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఆ టర్మ్ అయ్యాక చేరవచ్చా అని అడిగాను. కుదరదంటే ఉద్యోగం వదులుకునే ధైర్యం నాకుందో లేదో అప్పటికి నాకే తెలియదు. ఆ పరీక్ష నాకు రాలేదు. ఆయన క్యాలెండర్ చూసుకుని, పర్వాలేదు, జనవరిలో రమ్మన్నాడు. అంతటితో మాట అయిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె ముఖంలో సంతోషం కోసం వెతికాను.

"అడిగితే ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు."

"అంత తేలిగ్గానా?"

తల ఊపాను. ఆమె చదువుతున్న పుస్తకం మూసింది.

"అయితే పోయిన రెండుసార్లూ ఒప్పుకునేవాళ్ళేమో."

ఏమో, తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఎవరినీ అడగలేదు కదా.