నొప్పి వేళ కుట్టిన కాజాలు

మా నాన్నగారు తిరుమలగిరిలో సైనికుల దుస్తులు కుట్టే దర్జీ. ఒకనాడు బొగ్గుల ఇస్త్రీపెట్టె జారి ఆయన కుడి పాదం మీద పడింది. కాలిన చోట పుండై చీము పట్టింది. రోజూ కడిగి, చచ్చిన చర్మాన్ని తొలగించకపోతే పాదమే తీసివేయవలసి వస్తుందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పారు. గుండె బలహీనంగా ఉన్నందువల్ల ప్రతిరోజూ మత్తు ఇవ్వడం కుదరదు. నొప్పి మందులు చాలలేదు. రెండవనాడే ఆయన కాలు వెనక్కి లాక్కుని, "కోసెయ్యున్రి, పీడ పోతది" అన్నారు.

అప్పుడామె హిప్నాసిస్ గురించి చెప్పారు. నిదానమైన మాటలతో మనసును గాయం మీదినుంచి మళ్లించే పద్ధతి అది.

"గారడోడు జేసేటిదా? నన్ను మేకను జేస్తరా ఏంది?" అన్నారు నాన్నగారు.

"మేకకు కట్టు కట్టడం నేను చదువుకోలేదండీ," అన్నారు డాక్టరమ్మ. నా గొంతు ఆయనకు అలవాటు కనుక ఆ మాటలు నన్నే చెప్పమన్నారు.

మా ఇంట్లో డిగ్రీ చదివినది నేనొక్కదాన్నే. ఆ బాధ్యతను పరీక్షలాగే స్వీకరించాను. చల్లని సముద్రతీరం, మెత్తని ఇసుక, సంపూర్ణ విశ్రాంతి అంటూ కాగితం నిండా వ్రాసుకుని వెళ్లి, మరునాడు శ్రద్ధగా చదివాను. కాసేపటికే నాన్నగారు కళ్లు తెరిచారు.

"ఇయ్యాల మంగళారం గద బిడ్డా. దుకాణం ఎవలు జూస్తున్నరు?"

పనిదినాన ఆయన ఊరికే కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. విశ్రాంతి అన్న ఊహే ఆయనను కలవరపెట్టింది. కాగితం మడిచాను.

"నాయినా, ఖాకీ అంగీ ఉన్నది. కాజాలు కుట్టాలె. మొదటిది షురూ జెయ్యి."

కనురెప్పలు మెల్లగా వాలాయి. బొటనవేలు, చూపుడువేలు దగ్గరై గాలిలో దారం లాగాయి. డాక్టరమ్మ కత్తెర అందుకున్నారు. నేను ఒక్కొక్క కుట్టే చెబుతూ పోయాను. పాదం ఒకసారి వణికింది; చేయి మాత్రం ఆగలేదు. నాలుగవ కాజాకు కట్టు పూర్తయింది.

లేపగానే ఆయన విసుక్కున్నారు. "ఇంక రెండున్నయ్. నడుమల్నే లేపితివి."

"నొప్పి తెల్వలేదా, నాయినా?"

"తెల్వకేం? ఉండె. పక్కింట్ల ఎవలకో వచ్చినట్టుండె."

అన్ని రోజులూ అలా జరగలేదు. కొన్నిసార్లు నా మాట ఆయనను చేరేది కాదు. పళ్లు బిగించి ఏడ్చేవారు. నేను మానక చెబుతూనే ఉండేదాన్ని. వారాలు గడిచాయి. చిటికెనవేలు దక్కలేదు, పాదం దక్కింది.