ఎనోక్ గుర్తు పెట్టని నట్లు

మీరన్నదీ నిజమే, పనిమంతుడికి కాస్త పొగరుంటే తప్పేముంది? కానీ ఎనోక్ చార్ల్టన్ పొగరంతా నట్ల దగ్గర చేరి కూర్చుంది. అదీ వచ్చిన చిక్కు.

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో ఆవిరి ఇంజన్లు కట్టే ఒక కార్ఖానాలో ఎనోక్ ఫిట్టరు. ఆ రోజుల్లో ఒక బోల్టు నట్టు ఇంకో బోల్టుకు పట్టేది కాదు. ప్రతి నట్టునూ దాని బోల్టుకే సరిపోయేలా చేత్తో మరలు కోసి, రెండింటి మీదా ఒకే గుర్తు కొట్టేవారు. అందరూ కొట్టేవారు, ఎనోక్ తప్ప.

"కన్నబిడ్డల్ని గుర్తుపట్టడానికి ఎవడన్నా వాతలు పెడతాడా?" అనేవాడు.

అతని భార్య తమ్ముడు జాబెజ్‌దీ అదే పనిబల్ల. గుడ్డివాడి వేలికి కూడా తగిలేంత మోటుగా గుర్తు కొట్టేవాడు. "సర్లే బావా, తప్పిపోయిన రోజున సంతలో వెతుక్కుందువుగాని."

విక్టోరియా రాణి గద్దెనెక్కిన ఏడు, స్కాట్లాండులో ఓ కొత్త రైలు లైనుకు జంట ఇంజన్లు వెళ్లాయి. వాటిని విప్పి ఓడకెక్కించడం, అక్కడ మళ్లీ బిగించడం బావాబావమరుదుల పని. లైను ప్రారంభం నాటికి రెండూ నడిస్తే ఎనోక్‌నే బిగింపు మేస్త్రీని చేస్తానని యజమాని మాటిచ్చాడు. ఎనోక్ భార్య హన్నా అప్పుడే వీధంతా చెప్పేసుకుంది.

దారిలో తుఫానుకు పెట్టెలు పగిలాయి. ఓడవాళ్లు, పాపం మంచికే, చిందిన నట్లన్నీ ఏరి ఒకే పీపాలో పోసి, తుప్పు పట్టకుండా పైన పశువుల కొవ్వు కాచి పోశారు.

ఎనోక్ పీపాలో చెయ్యి పెట్టి ఓ గుప్పెడు పైకి తీశాడు. జాబెజ్ తన నట్లను తుడిచి, గుర్తు చూసి, పక్కన పెట్టుకున్నాడు. మిగిలినవన్నీ ఎనోక్‌వే, జిడ్డోడుతూ, అన్నీ ఒకే పోలికతో. ఒక్కొక్కటీ ఒక్కో బోల్టుకు తిప్పి చూడటమే గతి. సగం ఎక్కి బిగుసుకుపోయేది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

"దరిద్రగొట్టు నట్టు!" అని విసిరికొట్టేవాడు. మళ్లీ తనే వంగి గడ్డిలో వెతుక్కునేవాడు.

"తిట్టకు బావా, నీ పిల్లలేగా."

"నోర్ముయ్‌రా! ఇంకోసారి నవ్వావంటే ఈ పీపా నీ నెత్తిన బోర్లిస్తా."

"బోర్లించు. ఏరుకోవాల్సింది నువ్వే."

బ్యాండు మేళం వచ్చిన ఉదయానికి ఒక్క ఇంజనే సిద్ధం. రెండో బండిని గుర్రాలు లాగాయి. జనం గుర్రాలకే ఎక్కువ కేకలు వేశారు. తర్వాత రెండో ఇంజనూ నడిచింది గానీ, సిలిండరు మూత మీది ఒక్క బోల్టుకు నట్టు దొరకనే లేదు. కొత్త నట్టు చేసి పంపుతానని డ్రైవరుకు చెప్పి, ఆ బోల్టును ఎనోక్ ఇంటికి తెచ్చుకున్నాడు.

మేస్త్రీ పదవి జాబెజ్‌కు ఇచ్చారు.

"మా తమ్ముడేగా, పరాయివాడేం కాదుగా," అంది హన్నా బఠాణీ ముద్ద వడ్డిస్తూ.

"పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకుందును. వీడితో ప్రతి ఆదివారం కూచుని తినాలి కదే!"

నట్టు మాత్రం ముచ్చటగా చేశాడు. బోల్టుతో కలిపి గుడ్డలో మూటగట్టి, ఓడ కెప్టెను చేతికిద్దామని రేవుకు బయల్దేరాడు. కార్ఖానా గేటు దగ్గర జాబెజ్ ఎదురయ్యాడు.

"ఇలా ఇవ్వు బావా, ఓ గుర్తు కొట్టిస్తా. మేస్త్రీగా అడుగుతున్నాలే."

ఎనోక్ మూట జేబులో కుక్కుకుని ఇంటిదారి పట్టాడు. ఓడ వెళ్లిపోయింది. "వచ్చే ఓడకి పంపుతాలేవే" అని హన్నాతో ఏళ్ల తరబడి అంటూ అంటూనే కన్నుమూశాడు మహానుభావుడు. ఆ మూట ఇప్పటికీ ఆవిడ కిటికీ గట్టు మీదే ఉంది.